పండుగ తేదీకి సిద్ధమయ్యే ఇంగ్లీషు: ఒక గ్రంథాలయ తరగతిపై సమీక్ష

డల్లస్‌కు ఉత్తరాన మేముంటున్న శివారు పట్టణంలో ప్రజా గ్రంథాలయం వారు శనివారం ఉదయాలలో ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ఉచితంగా ఒక కుటుంబ తరగతి నడుపుతున్నారు. సెప్టెంబరులో మొదలై మే నెలతో ముగిసే ఈ తరగతికి గత విద్యా సంవత్సరమంతా మా అబ్బాయి వెళ్లాడు. మా దగ్గరకు వచ్చిన మా అత్తయ్యగారు కూడా ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణం కట్టేవరకు వాడితో పాటు వెళ్లారు. నేను గది వెనుక వరుసలో కూర్చుని చూశాను. గుంటూరులో రెండో తరగతి మధ్యలో వదిలి వచ్చిన పిల్లవాడికి, తెలుగు తప్ప మరో భాషలో నోరు విప్పే అవసరమే ఏనాడూ రాని అరవై ఏళ్లు దాటిన గృహిణికి ఒకే గదిలో ఒకే పాఠం ఎలా చెబుతారన్న సందేహం మొదట నాకూ ఉండేది.

ఈ తరగతికి పాఠ్యపుస్తకం లేదు. క్యాలెండరే పాఠ్యప్రణాళిక. అక్టోబరుకు హాలోవీన్, నవంబరుకు థాంక్స్‌గివింగ్, జనవరికి మార్టిన్ లూథర్ కింగ్ దినం, ఫిబ్రవరికి వాలెంటైన్స్ డే, ఇలా ప్రతి నెల పాఠమూ ఒక పండుగ చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఈ సంగతి చెప్పగానే మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "అక్కడ ఏం నేర్పుతారండీ, రంగు కాగితాలు కత్తిరించడమేనా?" అడగవలసిన ప్రశ్నే అది. అందుకే ఏ పండుగ పాఠంలో నేర్చుకునేవారు నిజంగా మాట్లాడారు, ఏ పాఠంలో చేతులు మాత్రమే పనిచేశాయి అన్న ఒక్క కొలమానంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఇలాంటి తరగతులు అమెరికాలో చాలా ఊళ్ల గ్రంథాలయాలలో ఉన్నాయి కనుక, మీ ఊరి తరగతిని బేరీజు వేసుకోవడానికీ ఇది పనికిరావచ్చు.

ఈ తరగతి బలం తెలియాలంటే అక్టోబరు పాఠాన్ని వివరంగా చెప్పాలి. హాలోవీన్ అక్టోబరు 31న వస్తుంది. ఆ సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి "ట్రిక్ ఆర్ ట్రీట్" అని అడుగుతారు, వాకిట్లో దీపం వెలుగుతున్న ఇంటివారు మిఠాయిలు పెడతారు. ఉపాధ్యాయురాలు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దావిడ. ఆమె మొదటి వారం ఎవరినీ మాట్లాడమని అడగలేదు. తలుపు తట్టు, ఒక అడుగు వెనక్కి వేయి, సంచీ చాచు, ఒకటి మాత్రమే తీసుకో, రెండోది తిరిగి పెట్టెయ్ అంటూ ఆమె ఇంగ్లీషులో ఆజ్ఞలు ఇస్తుంటే గదిలో ఉన్న పిల్లలు, పెద్దలు అందరూ ఆ పనులు చేసి చూపించారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో రూపొందించిన టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అనే పద్ధతి ఇది: విన్న మాటకు శరీరం ముందు స్పందిస్తుంది, నోరు తరువాత మెల్లగా అందుకుంటుంది. కొత్త దేశంలో కొత్త భాష ముందు బిడియపడేవారికి ఈ క్రమం ఎంత ఊరటనిస్తుందో మా అత్తయ్యగారి ముఖంలోనే చూశాను. తప్పు మాట్లాడతానేమోనన్న భయం లేకుండా ఆవిడ ఆ మొదటి గంట అందరితో సమానంగా పాల్గొన్నారు.

రెండో వారం వేషాల వంతు. బట్టల పేర్లు, రంగుల పేర్లు చెప్పి ఊరుకోలేదు. ప్రతి ఒక్కరూ గదిలో తిరుగుతూ "నువ్వు ఏ వేషం వేయబోతున్నావు, ఎందుకు?" అని ఇతరులను అడిగి, జవాబులను ఒక పట్టికలో రాసుకోవాలి. భవిష్యత్తును చెప్పే వాక్యం ఆ గదిలో అంతసేపు, అన్ని నోళ్లలో, విసుగు పుట్టకుండా తిరగడానికి కారణం ఒకటే: ఆ జవాబు అడిగేవారికి నిజంగా తెలియదు. తెలిసిన జవాబునే అప్పజెప్పించే తరగతిలో పిల్లలు ఎందుకు నీరసపడతారో ఇక్కడ అర్థమవుతుంది.

మూడో వారం జరిగినది ఈ తరగతిలో నాకు అన్నింటికన్నా నచ్చిన భాగం. గ్రంథాలయ సిబ్బంది తమ తమ గదుల తలుపుల వెనుక నిలబడ్డారు, పిల్లలు వరుసగా ఒక్కో తలుపు తట్టారు. సిబ్బంది మిఠాయి ఇచ్చి పంపేయకుండా ప్రతి తలుపు దగ్గరా ముందుగా చెప్పని ఒక ప్రశ్న వేశారు: నీ కిరీటం ఎవరు చేశారు, నీతో ఎవరు వచ్చారు, ఇది తింటావా లేక అది కావాలా. ఇంకొక వైపు పెద్దలంతా ఇంటివారి పాత్రలో కూర్చుని, వచ్చిన పిల్లల వేషాన్ని మెచ్చుకుని, ఒకటి తీసుకొమ్మని మర్యాదగా చెప్పడం సాధన చేశారు. పండుగ రాత్రి మా ఇంటి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నది మా అత్తయ్యగారే. వచ్చిన ప్రతి పిల్లవాడి వేషం గురించీ ఆవిడ ఒక మాట అన్నారు, వెంట వచ్చిన తల్లులు ఆగి ఆవిడతో రెండు మాటలు కలిపారు. మా పొరుగింటి ఆవిడ పేరు నాకన్నా ముందు ఆవిడకే తెలిసింది.

పండుగకు ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీన తరగతి గోడల బయట ఆ మాటలు నిజంగా అవసరపడతాయి. పండుగల ద్వారా భాష నేర్పడంలో ఉన్న అసలు ప్రయోజనం అక్కడే ఉందని నా అభిప్రాయం. సంగీతం నేర్చుకునేవారికి కచేరీ తేదీ ఖాయమైతే సాధన తీరు ఎలా మారుతుందో, అక్టోబరు 31 ఈ తరగతికి అలా పనిచేసింది. భాషా బోధన పరిశోధకులు ఈ విషయాన్ని మరో కోణం నుంచి చెప్పారు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివిన ఇంగ్లీషు కుటుంబాల పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్, వారు ఫ్రెంచిని చక్కగా అర్థం చేసుకుంటున్నా మాట్లాడటంలో, రాయడంలో వెనుకబడ్డారని గమనించారు. వినడం, చదవడం ఎంత ఉన్నా సరిపోదని, నేర్చుకునేవారు తామే వాక్యాలు కూర్చి పలకవలసి వచ్చినప్పుడే తమకు ఏది రాదో వారికి తెలిసివస్తుందని ఆమె 1985లో ప్రతిపాదించారు. పండుగ పాఠం ఆ అవసరాన్ని కల్పిస్తే విలువైనది, కల్పించకపోతే అది అలంకారంగా మిగిలిపోతుంది.

నవంబరులో సరిగ్గా ఈ రెండూ ఒకే గదిలో పక్కపక్కన కనిపించాయి. పెద్దల బృందానికి థాంక్స్‌గివింగ్ చరిత్రను కాలక్రమంలో అమర్చే కాగితపు పట్టీలు ఇచ్చారు. 1621లో ఇంగ్లండు నుంచి వచ్చి ప్లిమత్‌లో స్థిరపడిన వలసవాసులు, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజలు కలిసి మూడు రోజుల పాటు విందు చేసుకోవడం, అంతర్యుద్ధం నడుమ 1863లో అధ్యక్షుడు లింకన్ జాతీయ కృతజ్ఞతా దినాన్ని ప్రకటించడం, 1941లో కాంగ్రెసు నవంబరు నాలుగో గురువారాన్ని చట్టంతో ఖాయం చేయడం, 1970 నుంచి ఆదివాసులు, వారి మిత్రులు అదే రోజును ప్లిమత్‌లో సంతాప దినంగా పాటించడం వరకు అందులో ఉన్నాయి. ఒకరి దగ్గర ఉన్న పట్టీ మరొకరికి కనపడదు కాబట్టి, ముందేది, తరువాతేది అని అడిగి తెలుసుకుంటేనే వరుస కుదురుతుంది. భూతకాల క్రియలు వ్యాకరణ పట్టికలో నుంచి లేచి సంభాషణలోకి వచ్చాయి. చరిత్రలోని చేదును దాచకుండా, పెద్దలను పెద్దలుగా గౌరవించి చెప్పినందుకు ఉపాధ్యాయురాలికి నేను ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాను.

అదే సమయంలో పిల్లల బృందం రంగు కాగితాలతో ఈకల కిరీటాలు అంటించింది. దీనిపై నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఆదివాసుల వేషధారణను ఇలా కాగితపు ఆటవస్తువుగా మార్చడం తమను కించపరచడమేనని ఆ సమాజాలకు చెందినవారు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కొత్తగా ఈ దేశానికి వచ్చిన పిల్లలకు మొదటి పరిచయమే అలా జరగడం న్యాయం కాదు. రెండోది బోధనకు సంబంధించినది: పిల్లలు అరగంట పాటు తలలు వంచుకుని జిగురు పూసుకున్నారే గాని, ఒక్క వాక్యం పుట్టలేదు. చేతిపని తప్పని నేను అనను. జిగురు సీసా ఒకరి దగ్గర, కత్తెర మరొకరి దగ్గర, కాగితం ఇంకొకరి దగ్గర ఉంచితే అదే అరగంటలో అడగడం, ఇవ్వడం, ధన్యవాదాలు చెప్పడం ఎన్నిసార్లు జరిగేదో ఊహించవచ్చు. ఆ తరువాతి వారం భోజనాల బల్ల చుట్టూ కూర్చుని వంటకాలను అందించమని అడిగే పాఠం ఆ లోటును కొంత పూడ్చింది.

డిసెంబరు హడావుడిగా సాగింది. క్రిస్మస్, యూదులు ఎనిమిది రాత్రులు జరుపుకునే హనుక్కా, ఆఫ్రికన్ అమెరికన్లు 26వ తేదీ నుంచి జరుపుకునే క్వాంజా, మూడింటినీ సెలవులకు ముందు మిగిలిన కొద్ది సమయంలో చుట్టేశారు. వేర్వేరు మతాల, సంస్కృతుల పండుగలకు సమాన స్థానం ఇవ్వాలన్న సద్బుద్ధి కనిపించింది గాని, నేర్చుకునేవారి నోట పేర్లు తప్ప వాక్యాలు మిగలలేదు. వీటిలో ఒకదానిని లోతుగా, మిగతావాటిని రాబోయే ఏళ్లలో వంతులవారీగా చెబితే బాగుంటుంది.

జనవరిలో తరగతి మళ్లీ తన బలాన్ని చూపించింది. ఆ నెల మొదట్లో ఉపాధ్యాయురాలు ప్రతి కుటుంబాన్నీ తమ పండుగ నుంచి ఒక పనిని తరగతికి నేర్పమని కోరారు. షరతు ఒకటే: చేసి చూపించకూడదు, ఇంగ్లీషులో చెప్పి చేయించాలి. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం కాగితాన్ని మడిచి కత్తిరించి పాపెల్ పికాడో తోరణం చేయించింది, వియత్నాం నుంచి వచ్చిన దంపతులు టెట్ అనే తమ కొత్త సంవత్సరపు పండుగకు ఎర్ర కవరు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పలికే మంచిమాటలు చెప్పించారు. సంక్రాంతి దగ్గరపడుతోంది కనుక మా అత్తయ్యగారు ముగ్గును ఎంచుకున్నారు. తన ముగ్గును అట్ట వెనుక దాచి పెట్టుకుని, ఎదుట కాగితాలు, పెన్సిళ్లు పట్టుకున్న వారికి ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు: మధ్యలో ఐదు చుక్కలు, పైన నాలుగు, కింద నాలుగు, చుక్క చుక్కకూ నడుమ వచ్చేలా, ఆ పైన మూడు. ఎడమవైపు చివరి చుక్క నుంచి గీత మొదలుపెట్టాలి, చుక్కను ముట్టుకోకుండా దాని చుట్టూ తిప్పాలి, మొదలైన చోటే కలపాలి.

ఆవిడ చెప్పిన వాక్యాలు పొట్టివి, కొన్నింటిలో క్రియ కూడా లేదు. అయినా అవతలివారు గీయాలి కనుక, అర్థం కానప్పుడు వారు ఆపి అడిగారు: చుక్కకు పైనా, పక్కనా? లోపలి నుంచా, బయటి నుంచా? ఆవిడ మళ్లీ చెప్పారు, ఈసారి ఇంకొంచెం స్పష్టంగా, అంతకుముందు వాడని మాటతో. స్థానాన్ని, దిశను సూచించే చిన్న చిన్న మాటలు మన భాషలో ప్రత్యయాలుగా వెనుక వస్తాయి, ఇంగ్లీషులో ముందు వస్తాయి. తెలుగువారికి ఎంతో కష్టమనిపించే ఆ మాటలను ఆవిడ ఆ పావుగంటలో వాడినన్ని సార్లు అంతకుముందు నెలలన్నింటిలోనూ వాడి ఉండరు. చివరకు అట్ట తీసి అందరి ముగ్గులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఎక్కడ గీత తప్పిందో, ఏ మాట దగ్గర తప్పిందో అందరూ కలిసి వెతికారు. ఆ గదిలో అప్పటివరకు నేర్చుకునే స్థానంలోనే ఉన్న ఆవిడ ఆ రోజు నేర్పే స్థానంలో నిలబడ్డారు, ఆవిడ గొంతు కూడా అందుకు తగినట్టే పెరిగింది. పండుగల పేరుతో జరిగే ఇంగ్లీషు తరగతి ఏదైనా స్థానిక పండుగలతో ఆగిపోకుండా, వచ్చినవారి పండుగలకూ చోటు ఇవ్వాలని నేను గట్టిగా కోరడానికి కారణం ఇదే.

జనవరి మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ దినం పాఠం కూడా గంభీరంగా, చక్కగా సాగింది. ఈ సెలవుకు 1983లో చట్టం చేశారు, జాతీయ స్థాయిలో మొదట పాటించింది 1986లో. 1929లో కింగ్ జననం, 1955లో మొదలైన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ సభ, 1964లో నోబెల్ శాంతి బహుమతి, ఇలా ఒక్కో ఘట్టాన్ని ఒక్కో జంటకు ఇచ్చి, వార్తాహరుల్లా మిగతావారిని ప్రశ్నించమన్నారు. 1959లో కింగ్ దంపతులు భారతదేశంలో పర్యటించారన్న సంగతిని మా అబ్బాయి తానుగా లేచి చెప్పాడు. ఇంటి దగ్గర నేను చెప్పిన కథను వాడు ఇంగ్లీషులోకి తెచ్చుకున్న తీరు నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఫిబ్రవరి 2న వచ్చే గ్రౌండ్‌హాగ్ దినం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పెన్సిల్వేనియాలోని పంక్సటానీ పట్టణంలో గ్రౌండ్‌హాగ్ అనే ఒక చిన్న జంతువు తన నీడను చూస్తే చలికాలం మరో ఆరు వారాలు సాగుతుందన్న నమ్మకం, "ఇలా అయితే అలా అవుతుంది" అనే వాక్యాన్ని నేర్పడానికి హాయిగా సరిపోయింది. వాలెంటైన్స్ డే విషయంలో మాత్రం మన తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో అది స్నేహితుల పండుగ, పిల్లలు సాధారణంగా తమ తరగతిలోని అందరికీ చిన్న కార్డులు ఇస్తారు. గ్రంథాలయ తరగతిలో అచ్చు వేసిన వాక్యాలున్న కార్డులు వాడకుండా, ఎదుటివారిలో తాము గమనించిన ఒక మంచి గుణాన్ని వాక్యంగా రాయించారు. ఏడేళ్ల పిల్లలకు రాత సాధనగా ఇంతకన్నా మంచి పని నాకు తోచదు.

లోపాల సంగతికి వస్తే, మొదటిది తిండికి సంబంధించినది. తరగతిలో పంచే మార్ష్‌మెలో, కాండీ కార్న్ అనే మిఠాయిలలో సాధారణంగా జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహార కుటుంబాలకు ఈ విషయం ముందుగా తెలియజేసే ఏర్పాటు లేదు. ఆహార అలర్జీలు ఉన్న పిల్లల కోసం హాలోవీన్ నాడు నీలి ఆకుపచ్చ రంగు గుమ్మడికాయను వాకిట్లో ఉంచి, తినుబండారాలకు బదులు చిన్న బొమ్మలు, పెన్సిళ్లు ఇచ్చే పద్ధతి 2014 నుంచి ఈ దేశమంతటా ప్రచారంలో ఉంది. గ్రంథాలయం దానిని పాటిస్తే అందరికీ మేలు. రెండోది, నడి సంవత్సరంలో చేరినవారికి ఆసరా లేకపోవడం. నవంబరులో వచ్చిన ఒక కుటుంబం, అందరికీ అప్పటికే అలవాటైన ప్రశ్నలను అందుకోలేక, కొన్ని వారాలకే మానేసింది. మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది: ఒక పండుగలో నేర్చుకున్న వాక్యం తరువాతి పండుగలో మళ్లీ కనిపించడం యాదృచ్ఛికంగానే జరుగుతోంది. అక్టోబరులో నేర్పిన భవిష్యత్ వాక్యాలను డిసెంబరు సెలవుల ప్రణాళికలకు, నవంబరులో నేర్పిన భూతకాలాన్ని సెలవుల తరువాతి కబుర్లకు ముడిపెట్టి ఒక వరుస తయారుచేయడం కష్టమేమీ కాదు. చదవడం, అక్షరధ్వనులు, పేరాలు రాయడం ఈ తరగతి దాదాపు ముట్టుకోదు.

అందువల్ల దీనిని బడిలో జరిగే ఇ.ఎస్.ఎల్. (ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే) బోధనకు ప్రత్యామ్నాయంగా ఎవరూ భావించకూడదు. ఇంగ్లీషు రాని పిల్లలను సాయం లేకుండా సాధారణ తరగతిలో కూర్చోబెట్టడం వారికి విద్యను నిరాకరించడమేనని శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీయ విద్యార్థుల వ్యాజ్యంలో, లావ్ వర్సెస్ నికొల్స్ కేసులో, అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే తీర్పు చెప్పింది. బడిలో భాషా సహాయం పొందడం పిల్లల హక్కు. మనవాళ్లు కొందరు, తెలుగు అని రాస్తే పిల్లవాడిని తక్కువ తరగతిలో వేస్తారేమోనన్న భయంతో, చేరేటప్పుడు ఇచ్చే ఇంటి భాష పత్రంలో ఇంగ్లీషు అని రాస్తున్నారు. దానితో పిల్లవాడికి అవసరమైన పరీక్షే జరగకుండా పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. టెక్సస్‌లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ప్రతి వసంతంలో జరిగే టెల్‌పాస్ పరీక్ష వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటినీ కొలుస్తుంది. శనివారపు తరగతి మొదటి రెండింటికి గట్టి తోడ్పాటు, మిగతా రెండింటికి బడి మీద, ఇంటి మీద ఆధారపడక తప్పదు.

కొత్తగా వచ్చిన ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు, ఇక్కడ పిల్లల దగ్గర ఉంటూ పగలంతా ఇంట్లో ఒంటరిగా గడిపే అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు ఈ తరగతిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఉద్యోగ ఇంటర్వ్యూలకో, పరీక్షలకో సిద్ధమయ్యే పెద్దలకు ఇది చాలదు. వీలైతే సెప్టెంబరులోనే చేరండి, హాలోవీన్ పాఠం తప్పిపోతే ఈ తరగతి తీరు పట్టుబడటానికి చాలాకాలం పడుతుంది. మీ ఊళ్లో ఇలాంటి తరగతిని చూడటానికి వెళితే గోడలకు అంటించిన బొమ్మలను చూసి అంచనా వేయకండి. అరగంట కూర్చుని, మీ పిల్లవాడి వయసువాడు ఒకడిని ఎంచుకుని, వాడు ఎన్నిసార్లు తానుగా నోరు విప్పాడో గమనించండి.

సంవత్సరాంతంలో అభిప్రాయ పత్రంలో నేను పై లోపాలన్నీ రాసి ఇచ్చాను. తినుబండారాల జాబితాను ముందు వారమే తలుపు మీద అతికిస్తామని గ్రంథాలయం వారు మాట ఇచ్చారు. ఈకల కిరీటాల స్థానంలో ఏమి పెట్టాలో సూచించమని అడిగితే, అమెరికాలో పండే మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుళ్ల గింజలను పిల్లలు ఒకరి నుంచి ఒకరు అడిగి తీసుకుని కుండీలో నాటే పాఠాన్ని రాసి పంపాను. వచ్చే ఏడాదికి మా అబ్బాయి పేరు మళ్లీ నమోదు చేయించాను.